నాలుగేళ్ళ కిందటి కెరోటిడ్ ఆపరేషన్ మచ్చ మీద చీము: బెంగళూరులో ఎవరికి చూపించాలి?

శిరీష_మారతహళ్ళి | సోమవారం, రాత్రి 9:52

అందరికీ నమస్తే. పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి.

మా నాయనకు 71 ఏళ్ళు. షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. నాలుగేళ్ళ కిందట ఒకరోజు పొద్దున కాఫీ తాగుతుంటే కుడిచెయ్యి పట్టు తప్పి గ్లాసు జారిపోయింది, మాట ముద్దముద్దగా వచ్చింది. పావుగంటలో అంతా సర్దుకుంది. బెంగళూరు తీసుకొచ్చి చూపిస్తే మెడలో ఎడమవైపు కెరోటిడ్ రక్తనాళం బాగా పూడుకుపోయిందన్నారు. ఆపరేషన్ చేసి లోపల పేరుకున్న కొవ్వు తీసేశారు. అప్పట్నించీ హిందూపురంలో హాయిగా ఉన్నాడు, రోజూ వాకింగ్ కూడా.

ఇప్పుడు ఆ మచ్చ కింది కొసన గుండుసూది తలంత పుండు లేచింది. ఎండి పొక్కు కడుతుంది, గడ్డం గీసుకుంటే పొక్కు ఊడుతుంది, మళ్ళీ పసుపు నీరు ఊరుతుంది. దిండు గలీబు మీద రోజూ చిన్న మరక. నొప్పి లేదు, జ్వరం లేదు. ఊళ్ళో రెండుసార్లు యాంటిబయాటిక్ కోర్సు ఇచ్చారు. మాత్రలు వేసుకున్నన్నాళ్ళు మానుతుంది, ఆపగానే మొదలు.

ఇక్కడికి పిలిపించి మా లేఔట్ పక్కన క్లినిక్‌లో చూపించాను. చిన్న సెగ్గడ్డ, గురువారం రండి, మత్తు సూదేసి కోసి శుభ్రం చేస్తాం అన్నారు. చేయించమంటారా? లేక స్కిన్ డాక్టరా, ఈఎన్‌టీనా?

బీటీఎం బాబ్జీ | సోమవారం, రాత్రి 10:10

సెగ్గడ్డకి ఇంత టెన్షన్ ఎందుకు మేడమ్. కోసి చీము తీసేస్తే రెండ్రోజుల్లో ఆరిపోతుంది. నాకు వీపు మీద అలాగే చేశారు, అదే రోజు ఆఫీసుకి వెళ్ళా.

కోలారు కోడలు | సోమవారం, రాత్రి 10:31

శిరీషా, ముందు టీబీ టెస్టు చేయించమ్మా. మా అత్తగారికి మెడ పక్కన ఇలాగే చీము కారేది. గండమాల అని తేలింది. ఆర్నెల్లు మందులు వాడితే మచ్చ తప్ప ఏమీ మిగల్లేదు.

రవి_వాస్కులర్ | సోమవారం, రాత్రి 11:18

శిరీష గారూ, గురువారం అపాయింట్‌మెంట్ రేపే క్యాన్సిల్ చేయండి. ఆ పుండును ఎవరూ కోయకూడదు, పిండకూడదు, సూదితో గుచ్చకూడదు. నేను వాస్కులర్ సర్జరీలో, అంటే రక్తనాళాల ఆపరేషన్లలో, శిక్షణలో ఉన్న డాక్టర్ని, కాబట్టి కొంచెం గట్టిగానే చెబుతున్నాను.

కెరోటిడ్ ఆపరేషన్‌లో రక్తనాళాన్ని నిలువుగా చీల్చి కొవ్వు తీశాక, చీలికను నేరుగా కుట్టేస్తే నాళం ఇరుకవుతుంది. అందుకని ఎక్కువమంది సర్జన్లు అక్కడ ఒక ప్యాచ్ వేసి కుడతారు. అది డాక్రాన్ అనే పాలిస్టర్ గుడ్డ కావచ్చు, పీటీఎఫ్‌ఈ అనే ప్లాస్టిక్ పొర కావచ్చు, పశువు గుండె పైపొరతో చేసినది కావచ్చు, రోగి కాలి నుంచే తీసిన సిర కావచ్చు. మీ నాన్నగారికి గుడ్డ ప్యాచ్ వేసి ఉంటే, దానికి ఇన్ఫెక్షన్ చేరి, చీము కండరాల మధ్య దారి చేసుకుని చర్మం మీదికి వచ్చిందేమో అన్నది మొదట తేల్చాలి. పైన గుండుసూది తలంత రంధ్రం. దాని అడుగున మెదడుకు నెత్తురు తీసుకెళ్ళే పెద్ద నాళం. క్లినిక్‌లో మత్తు సూదేసి అక్కడ కత్తి పెట్టడమంటే ఏమిటో మీరే ఊహించండి.

ప్యాచ్ ఇన్ఫెక్షన్ అరుదు, అందరి లెక్కల్లోనూ నూటికి ఒకటి అటూ ఇటూ. వచ్చేది ఎక్కువగా రెండు విడతల్లో. మొదటి రెండు నెలల్లో వచ్చేది జ్వరం, వాపు, చీముగడ్డతో వస్తుంది, నాళం పగిలి నెత్తురు పోయే ప్రమాదం దాంట్లో ఎక్కువ. ఆరు నెలలు దాటాక, ఒక్కోసారి ఏళ్ళ తర్వాత వచ్చేది వేరే రకం. జ్వరం ఉండదు, నొప్పి ఉండదు, మనిషి మామూలుగా తిరుగుతుంటాడు, మచ్చ మీద ఆగి ఆగి చీము ఊరుతుంది. లేదా మెడలో కొట్టుకునే ఉబ్బు వస్తుంది. మీరు రాసింది రెండో రకానికి అచ్చంగా సరిపోతోంది.

అల్ట్రాసౌండ్ డాప్లర్, అంటే నాళంలో నెత్తురు ఎలా పారుతోందో చూసే స్కాన్, రేపే చేయించండి. అది పట్టుకుని వాస్కులర్ సర్జన్ దగ్గరికే వెళ్ళండి.

కేఆర్ పురం డాక్టరు | మంగళవారం, ఉదయం 7:05

నేను ఇరవై ఏళ్ళుగా జనరల్ ప్రాక్టీస్‌లో ఉన్నాను. రవి గారి జాగ్రత్త మంచిదే గానీ జనాన్ని ఇంతగా భయపెట్టనక్కర్లేదు. పాత మచ్చ మీద చీమొస్తే నూటికి తొంభై కేసుల్లో లోపల మిగిలిపోయిన కుట్టు దారమే కారణం. దారం లాగేస్తే మానిపోతుంది. ప్రతి పుండుకీ డాప్లర్, సీటీ అంటే పేషెంట్ జేబు ఏం కావాలి?

రవి_వాస్కులర్ | మంగళవారం, ఉదయం 7:48

సార్, పొట్ట మీద మచ్చ అయితే మీ మాటే నా మాట. మెడ మీద ఈ ఆపరేషన్‌కి మాత్రం ఒక్క విషయం ఆలోచించండి. చర్మానికి, కండరం పైపొరకి వాడేది ఎక్కువగా కరిగే దారం. నాలుగేళ్ళలో అది ఆనవాలు లేకుండా పోతుంది. కరగకుండా మిగిలేది ప్యాచ్ చుట్టూ రక్తనాళానికి వేసిన ప్రోలిన్ అనే సన్నటి నీలం దారం. ఈ మచ్చలోంచి నీలం దారం కొస బయటికి తొంగిచూస్తే అది దేన్ని పట్టి ఉంచిన దారమో చెప్పండి. పట్టకారుతో లాగేద్దామా?

డాప్లర్‌తో నష్టమేమీ లేదు. మామూలు దారమే అని తేలితే సంతోషం.

కేఆర్ పురం డాక్టరు | మంగళవారం, ఉదయం 8:20

నీలం దారం సంగతి ఒప్పుకుంటున్నాను. స్కాన్ లేకుండా లాగొద్దు, అది సరే. అన్ని పుండ్లనీ ఒకే గాటన కట్టొద్దన్నదే నా మాట.

స్కాన్ రూమ్ సుధ | మంగళవారం, ఉదయం 9:15

డాప్లర్‌కి వెళ్ళేటప్పుడు రిక్వెస్ట్ కాగితం మీద ‘కెరోటిడ్ డాప్లర్’ అని మాత్రమే రాయించుకుంటే, చాలా సెంటర్లలో ఎంత శాతం పూడుకుంది, నెత్తురు వేగం ఎంత, అంతే చూసి పంపేస్తారు. మీరు నోటితో చెప్పండి: నాలుగేళ్ళ కిందట ప్యాచ్ వేశారు, మచ్చ మీద చీము ఊరుతోంది, ప్యాచ్ చుట్టూ ఏముందో చూడండి అని.

మేం ఏం వెతుకుతామంటే, బాగున్న ప్యాచ్ నాళం గోడతో కలిసి నున్నటి గీతలా కనిపిస్తుంది. ఇన్ఫెక్షన్ వచ్చినది ఒక్కోసారి లోపలికి ముడతలు పడుతుంది, స్క్రీన్ మీద ఆ గీత ఎగుడుదిగుడుగా వంకరలు తిరుగుతుంది. మా రిపోర్టుల్లో దాన్ని కరుగేషన్ అని రాస్తాం. చీము బయటపడటానికి ముందే ఈ ముడతలు కనిపించిన కేసులూ ఉన్నాయి. ప్యాచ్ పక్కన నల్లటి పట్టీలా ద్రవం ఉంటే అది రెండో గుర్తు. అక్కడినుంచి చర్మం దాకా సన్నటి నల్ల దారి కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. నెత్తురు బయటికి ఉబికి తిరుగుతున్న సంచి, అంటే సూడో ఎన్యూరిజం, ఉందా అన్నది మెషీన్‌ని కలర్ మోడ్‌లో పెట్టి చూస్తాం.

మెడ మీద ఆనించే ప్రోబ్‌తో గట్టిగా అదమొద్దని కూడా చెప్పండి. అడగడంలో మొహమాటం వద్దు.

కోలారు కోడలు | మంగళవారం, ఉదయం 10:02

మరి టీబీ సంగతి?

రవి_వాస్కులర్ | మంగళవారం, మధ్యాహ్నం 1:30

అక్కా, మెడ మీద చీము అనగానే మన దగ్గర టీబీ గుర్తుకు రావడంలో తప్పు లేదు. తేల్చుకోవాల్సిందే. ఎలా తేల్చుకుంటామన్నదే సమస్య. మెడలో గ్రంథి ఉంటే సూదితో నీరు తీసి జీన్ ఎక్స్‌పర్ట్ అనే టీబీ పరీక్షకి పంపుతారు. ఇక్కడ స్కాన్ కాకుండా సూది దింపితే అది గ్రంథిలోకే వెళ్తుందన్న భరోసా లేదు. ఇంకోటి, ఏ పరీక్షా లేకుండా ‘చూద్దాం’ అని టీబీ మందులు మొదలుపెట్టడం. ఆ కోర్సులో ఉండే రిఫాంపిసిన్ స్టాఫ్ బ్యాక్టీరియా మీద కూడా పనిచేస్తుంది. పుండు కొన్నాళ్ళు ఆరుతుంది, ఇంట్లో అందరూ టీబీయే అని నమ్మేస్తారు, లోపల ప్యాచ్ అలాగే కుళ్ళుతుంటుంది. ప్యాచ్ తీసే ఆపరేషన్ చేయాల్సి వస్తే, అందులో తీసిన ముక్కని టీబీ పరీక్షకి కూడా పంపిస్తే ఆ ప్రశ్న అక్కడే తీరుతుంది.

నిర్వాహకులు | మంగళవారం, మధ్యాహ్నం 2:00

శిరీష గారు పెట్టిన ఫోటో తీసేశాం, ముఖం కనిపిస్తోంది. అందరికీ ఒక మాట: ఇది చర్చ మాత్రమే, వైద్యం కాదు. మచ్చ దగ్గర నెత్తురు కారితే ఇక్కడ పోస్టు పెట్టి ఎదురుచూడకండి, 108కి ఫోన్ చేయండి.

రవి_వాస్కులర్ | మంగళవారం, మధ్యాహ్నం 2:12

దానికి ఇంకాస్త చేరుస్తాను. చుక్క నెత్తురు వచ్చి దానంతటదే ఆగిపోయినా సరే, అది పెద్ద బ్లీడింగ్‌కి ముందు వచ్చే హెచ్చరిక కావచ్చు. ఆగిపోయింది కదా అని పడుకోవద్దు. ఎక్కువగా వస్తే శుభ్రమైన గుడ్డ మడిచి రంధ్రం మీదే వేళ్ళతో అదిమి, అంబులెన్స్ వచ్చేదాకా చెయ్యి తీయొద్దు. మెడ చుట్టూ కట్టు మాత్రం కట్టొద్దు. మూతి వంకర, చెయ్యి పడిపోవడం, మాట తడబాటు వచ్చినా అంతే, ఎమర్జెన్సీయే.

హిందూపురం లెక్కల మాస్టారు | మంగళవారం, సాయంత్రం 5:40

అమ్మా శిరీషా, మీ నాయనది మా ఊరే అన్నమాట. నాకూ ఆరేళ్ళ కిందట ఇదే ఆపరేషన్ బెంగళూరులోనే అయింది, కుడివైపు. ఇది చదివాక రెండుసార్లు అద్దం ముందుకెళ్ళి మెడ తడుముకున్నాను. అసలు ఇంత ప్రమాదమున్న ఆపరేషన్ మాకెందుకు చేశారు నాయనా రవీ? మందులతో ఉండిపోతే పోయేది కదా.

రవి_వాస్కులర్ | మంగళవారం, రాత్రి 8:25

మాస్టారూ, మీరు లెక్కల మనిషి కాబట్టి లెక్కతోనే చెబుతాను. 1991లో నాస్కెట్ అనే ఉత్తర అమెరికా పరిశోధన ఫలితాలు వచ్చాయి. అప్పటికే చిన్న పక్షవాతం వచ్చి, నాళం 70 నుంచి 99 శాతం పూడుకున్నవాళ్ళని రెండు జట్లుగా చేసి చూశారు. మందులు మాత్రమే వాడినవాళ్ళలో రెండేళ్ళలో అదే వైపు స్ట్రోక్ వచ్చినవాళ్ళు 26 శాతం, ఆపరేషన్ కూడా చేయించుకున్నవాళ్ళలో 9 శాతం. ఇప్పటి మందులు అప్పటికంటే చాలా మెరుగు, అయినా లక్షణాలు కనబడ్డ వాళ్ళకి, గట్టిగా పూడుకుంటే ఆపరేషన్ ఇంకా ముందువరసలోనే ఉంది. అటువైపు 17 శాతం తేడా, ఇటువైపు ఒక శాతం అటూ ఇటూ ప్యాచ్ ఇన్ఫెక్షన్. మీకు చేసింది తప్పు కాదు.

ఒక చిన్న ముచ్చట. 1954లో లండన్ సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో ఈస్ట్‌కాట్ బృందం చేసిన కెరోటిడ్ ఆపరేషన్ చాలా పేరుపడింది. పూడుకున్న ముక్కనే కోసి పారేసి రెండు కొసలూ కలిపి కుట్టేశారు. ప్యాచ్ లేదు, ప్యాచ్ బాధా లేదు! తర్వాత ప్యాచ్ వేస్తే నాళం మళ్ళీ పూడుకోవడం తగ్గుతోందని తేలాక ఇది అలవాటైంది.

మచ్చ పొడిగా ఉండి, వాపు లేకపోతే మీరు నిశ్చింతగా ఉండండి. రోజూ నొక్కి చూసుకోవద్దు.

శిరీష_మారతహళ్ళి | బుధవారం, రాత్రి 9:05

డాప్లర్ అయింది. సుధ గారూ, మీరు చెప్పినట్టే అడిగాను. టెక్నీషియన్ మొదట చకచకా చేసుకుపోతున్నాడు, ప్యాచ్ మాట వినగానే లోపలికెళ్ళి రేడియాలజిస్టుని పిలిచాడు. ఆవిడ చాలాసేపు చూసి, స్క్రీన్ మా వైపు తిప్పి చూపించింది. నాళం ముందుగోడ ఉండాల్సిన చోట గీత మూడుచోట్ల లోపలికి వంగి ఉంది. పక్కన నల్లగా ద్రవం. చర్మం దాకా సన్నటి దారి. ఉబ్బు సంచి లేదు, నెత్తురు బాగానే పారుతోంది. రిపోర్టులో ప్యాచ్ ఇన్ఫెక్షన్ అనుమానం అని రాశారు.

రేపు సీటీ యాంజియోగ్రామ్, రక్తనాళాల్లోకి మందు ఎక్కించి తీసే సీటీ స్కాన్. షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ ఉంది కాబట్టి కిడ్నీ పరీక్ష క్రియాటినిన్ చూసి చెప్తామన్నారు. ఎల్లుండి వాస్కులర్ సర్జన్ అపాయింట్‌మెంట్.

నాయన మాత్రం ‘నాకేమీ లేదు, టికెట్ బుక్ చెయ్యి, ఊరికి పోతా’ అంటున్నాడు. నొప్పి లేకపోవడమే పెద్ద తలనొప్పి అయింది.

వెల్లూరు వాసు | బుధవారం, రాత్రి 9:40

సెకండ్ ఒపీనియన్ కావాలంటే వెల్లూరు సీఎంసీలో వాస్కులర్ సర్జరీకి ప్రత్యేక విభాగమే ఉంది. చిత్తూరు, అనంతపురం జిల్లాల వాళ్ళకి కొత్త కాదు, గేటు బయట సగం లాడ్జీల్లో తెలుగే వినిపిస్తుంది. కాకపోతే ఒకసారైనా నెత్తురు కనబడి ఉంటే కార్లో నాలుగైదు గంటలు ప్రయాణం పెట్టుకోకండి. అప్పుడు బెంగళూరులోనే అడ్మిట్ చేయండి.

బీటీఎం బాబ్జీ | బుధవారం, రాత్రి 10:15

నేను సెగ్గడ్డ అన్నది ఎవరూ సీరియస్‌గా తీసుకోనందుకు థాంక్స్. ఒక డౌటు. ఇన్ఫెక్షనే అయితే గట్టి యాంటిబయాటిక్ సెలైన్‌లో ఎక్కిస్తే పోదా? నాలుగేళ్ళు గమ్మునుండి ఇప్పుడెందుకు లేచింది?

ల్యాబ్ లలిత | బుధవారం, రాత్రి 11:20

మైక్రోబయాలజీ మనిషిని, ఇది నా సబ్జెక్టు. ఆలస్యంగా వచ్చే ప్యాచ్ ఇన్ఫెక్షన్లలో ఎక్కువగా కనిపించేది స్టఫైలోకాకస్ ఎపిడర్మిడిస్. అది మనందరి చర్మం మీదా కాపురముండేదే, మామూలుగా ఏమీ అనదు. ఆపరేషన్ రోజునే ఒకటో రెండో ప్యాచ్ మీద చేరుతుందని అనుకుంటాం. చేరాక తన చుట్టూ జిగురుపొర అల్లుకుంటుంది, బయోఫిల్మ్ అంటాం. ఓవర్‌హెడ్ ట్యాంకు గోడకు పట్టిన పాచి లాంటిది, నీళ్ళు మారుస్తూ పోతే పోదు. ఆ పొర లోపలికి మందు సరిగ్గా చేరదు, లోపలి బ్యాక్టీరియా కూడా చాలా నిదానంగా పెరుగుతుంది. అందుకే ఏళ్ళు పడుతుంది, అందుకే జ్వరం రాదు, అందుకే మాత్రలున్నన్నాళ్ళు ఆరి మళ్ళీ ఊరుతుంది. త్వరగా వచ్చే రకంలో ఎక్కువగా స్టఫైలోకాకస్ ఆరియస్ ఉంటుంది, దాని దూకుడే వేరు.

శిరీష గారూ, రెండు సంగతులు సర్జన్‌ని అడగండి. పుండు మూతి మీద దూదిపుల్ల రాసి కల్చర్‌కి, అంటే బ్యాక్టీరియాని పెంచి చూసే పరీక్షకి, పంపితే చర్మం మీది బ్యాక్టీరియా పెరిగి తప్పుదారి పట్టిస్తుంది. ఆపరేషన్‌లో తీసిన ప్యాచ్ ముక్క, దాని చుట్టూ కణజాలం, ద్రవం ల్యాబ్‌కి రావాలి. ఫార్మలిన్‌లో వేయకుండా రావాలి, ఫార్మలిన్ పడితే మా చేతిలో ఏమీ ఉండదు. ఇక ఇది నిదానంగా పెరిగే రకం కాబట్టి రెండ్రోజులకే ‘గ్రోత్ లేదు’ అని మూసేయకుండా ప్లేట్లు ఎక్కువ రోజులు ఉంచమనాలి. ప్రస్తుతం ఒంట్లో యాంటిబయాటిక్ ఉంటే అదీ చెప్పండి, దానివల్ల కల్చర్ ఖాళీగా రావచ్చు.

రవి_వాస్కులర్ | గురువారం, ఉదయం 6:55

బాబ్జీ గారూ, లలిత గారు చెప్పినదాన్ని బట్టే, ప్యాచ్ లోపలుండగా మందులతో మాత్రమే నయమవడం దాదాపు ఉండదు. ఆపరేషన్ తట్టుకోలేనంత నీరసంగా ఉన్నవాళ్ళకి జీవితాంతం మాత్రలిచ్చి నెట్టుకొస్తారు, అది వేరే.

అసలు వైద్యం ఇది. పాత మచ్చ మీదే తెరిచి, ప్యాచ్‌నీ నీలం దారాల్నీ పూర్తిగా తీసి, చెడిన కణజాలం గీకేసి, ఆ చోట రోగి సొంత సిర వేయాలి. ఇన్ఫెక్షన్ ఉన్న చోట మళ్ళీ గుడ్డ ప్యాచ్ పెట్టడం కథ మొదటికి తేవడమే. సిరని తొడ దగ్గర తీయడం మేలు, చీలమండ దగ్గరిది పలుచన, ప్యాచ్‌గా వేస్తే పగిలిన సందర్భాలున్నాయి. నాళం గోడ బాగా చెడిపోతే ప్యాచ్‌తో సరిపోదు, ఆ ముక్కే కోసేసి సిరని గొట్టంలా అతుకుతారు. ఆ పని జరుగుతున్నంతసేపు మెదడుకి నెత్తురు అందడానికి తాత్కాలికంగా షంట్ అనే చిన్న గొట్టం పెట్టవచ్చు. చివర్లో మెడ పక్క కండరంలో కొంత భాగాన్ని తిప్పి నాళం మీద కప్పడం చాలామంది చేస్తారు. నాళాన్ని పూర్తిగా కట్టేయడం సులువైన పనే, కాకపోతే స్ట్రోక్ ప్రమాదం ఎక్కువ కాబట్టి గత్యంతరం లేనప్పుడే.

రెండోసారి ఆపరేషన్ మొదటిదాని కంటే కష్టం, ఇది దాచిపెట్టే సంగతి కాదు. అన్నీ అతుక్కుపోయి ఉంటాయి. గొంతు నరం దెబ్బతింటే మాట బొంగురుపోతుంది, నాలుక నరం దెబ్బతింటే నాలుక పక్కకి పోతుంది, పెదవి కొస వాలవచ్చు. చాలావరకు నెలల్లో సర్దుకుంటాయి. సంతకం పెట్టేముందు ఈ మూడూ, స్ట్రోక్ సంగతీ వివరంగా అడగండి. మీ ఆసుపత్రిలో ఇలా రెండోసారి తెరిచిన కేసులు చేశారా అని కూడా అడగండి, మంచి సర్జన్ ఎవరూ నొచ్చుకోరు.

బీటీఎం బాబ్జీ | గురువారం, ఉదయం 7:30

స్టెంట్ వేయలేరా అన్నా? కోత లేకుండా అయిపోతుంది కదా.

రవి_వాస్కులర్ | గురువారం, ఉదయం 7:41

నాళం పగిలి నెత్తురు పోతుంటే ప్రాణం నిలబెట్టడానికి కవర్డ్ స్టెంట్, అంటే పైన పొర తొడిగిన స్టెంట్, పెట్టడం ఉంది. అది టైం కొనడానికి. ఇన్ఫెక్షన్ లోపలే ఉంటుంది, ఆ స్టెంటూ దాని పాలవుతుంది. తీరిగ్గా ప్లాన్ చేసే కేసులో మొదటి ఎంపిక కాదు.

శిరీష_మారతహళ్ళి | శుక్రవారం, రాత్రి 8:30

సర్జన్‌ని కలిశాం. రవి గారు రాసిందే దాదాపు ఆయన కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. వచ్చే మంగళవారం ఆపరేషన్.

ఒక చిక్కొచ్చింది. డిశ్చార్జ్ సమ్మరీలో ‘ప్యాచ్‌తో మూశాం’ అని మాత్రమే ఉంది, ఏ ప్యాచో లేదు. పాత ఆసుపత్రికి వెళ్ళి కేస్ షీట్ అడిగితే నాలుగేళ్ళవి ఇక్కడ ఉండవంటూ ఒక కౌంటర్ నుంచి ఇంకో కౌంటర్‌కి తిప్పుతున్నారు. ఊళ్ళో మామయ్యేమో ఆస్పిరిన్ ఆపేయమని ఫోన్, ఆపరేషన్ ముందు నెత్తురు పలచబడకూడదట.

కేఆర్ పురం డాక్టరు | శుక్రవారం, రాత్రి 9:10

ఆస్పిరిన్ మీ అంతట మీరు ఆపొద్దమ్మా. కెరోటిడ్ ఆపరేషన్లు ఆస్పిరిన్ మీదే చేస్తారు. నెత్తురు గడ్డకట్టకుండా ఇచ్చే ఇంకో మాత్ర క్లోపిడోగ్రెల్ కూడా ఉంటే దాన్ని ఏం చేయాలో సర్జన్, అనస్థీషియా వాళ్ళు చెబుతారు. మీ మామయ్య చెప్పినది పంటి డాక్టర్ల దగ్గర విన్న మాట అయ్యుంటుంది.

రికార్డుల సంగతి. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డు వైద్యం మొదలైన రోజు నుంచి మూడేళ్ళు దాచాలి, పేషెంట్ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. నాలుగేళ్ళు దాటాయి కాబట్టి ఆ మూడేళ్ళ పాయింట్ మీకు పనికిరాదు. అయినా చాలా పెద్ద ఆసుపత్రులు స్కాన్ చేసి ఉంచుతాయి. కౌంటర్లో నోటిమాట వదిలేసి, మెడికల్ రికార్డ్స్ విభాగానికి ఐపీ నంబరు వేసి రాతపూర్వకంగా ఇవ్వండి, అందినట్టు సంతకం తీసుకోండి. డిశ్చార్జ్ సమ్మరీ కాదు, ఆపరేషన్ నోట్సు అని స్పష్టంగా రాయండి. ఆపరేషన్ థియేటర్‌లో ప్యాచ్ పెట్టె మీది స్టిక్కరు తీసి కేస్ షీట్‌లో అతికించడం ఆనవాయితీ, దాని మీద కంపెనీ పేరు, లాట్ నంబరు ఉంటాయి. ఫైనల్ బిల్లు వివరాలు ఇంట్లో ఉన్నాయేమో కూడా చూడండి. బిల్లులో వస్తువు పేరుతో సహా వేస్తారు.

శిరీష_మారతహళ్ళి | శనివారం, ఉదయం 11:20

సార్, బిల్లు ఐడియా పనిచేసింది! అమ్మ బీరువాలో పట్టుచీరల కింద పాత ఇన్సూరెన్స్ ఫైలు ఉంటే తమ్ముడు ఫోటోలు తీసి పంపాడు. ‘డాక్రాన్ ప్యాచ్’ అని ఉంది. సర్జన్‌కి వాట్సాప్ చేశాను.

కోలారు కోడలు | శనివారం, మధ్యాహ్నం 12:05

ఆడవాళ్ళ బీరువా ముందు మెడికల్ రికార్డ్స్ విభాగం ఏపాటి!

హిందూపురం లెక్కల మాస్టారు | శనివారం, సాయంత్రం 4:30

నాదొక సందేహం. నాకు బైపాస్ కూడా అయింది, కాలి సిర అప్పుడే వాడేశారు. ఖర్మ కాలి నాకు ఇలాంటిది వస్తే ఏం వేస్తారు?

రవి_వాస్కులర్ | శనివారం, రాత్రి 9:15

ఒక కాలిదే తీసి ఉంటే రెండో కాలు ఉంది. రెండూ అయిపోతే తొడలో లోతుగా ఉండే సిర, లేదా చేతి సిర. ముందే డాప్లర్‌తో ఏ సిర ఎంత లావుందో కొలిచి పెన్నుతో గీత గీసుకుంటాం, థియేటర్‌లో వెతుక్కోం. వెరికోస్ ఉన్న సిర పనికిరాదు.

శిరీష_మారతహళ్ళి | తర్వాతి వారం గురువారం, రాత్రి 10:40

మంగళవారం ఆపరేషన్ అయింది. ఉదయం తీసుకెళ్ళినవాళ్ళు సాయంత్రం బయటికి వచ్చారు. ప్యాచ్ ఒక వైపు అంచు నాళం నుంచి ఊడి ఉందట, కింద బూడిదరంగు జిగురు. ఇంకొన్నాళ్ళు ఆగుంటే ఉబ్బు సంచి వచ్చేది అన్నారు. కుడి తొడ నుంచి సిర తీసి ప్యాచ్‌గా వేశారు, సిరని గొట్టంలా అతకాల్సిన అవసరం పడలేదు. మెలకువ వచ్చాక రెండు చేతులూ ఎత్తించారు, నాలుక బయటపెట్టించారు, పేరడిగారు. అన్నీ సరిగ్గా ఉన్నాయి, గొంతు మాత్రం బొంగురుగా ఉంది. మొదటి రోజు నీళ్ళు తాగితే దగ్గు వస్తోందని, మింగడం సరిగ్గా ఉందో లేదో చూశాకే ఇడ్లీ పెట్టనిచ్చారు.

బీపీ మీద చాలా కాపలా కాశారు. గంట గంటకీ చూశారు.

మెడకంటే తొడ కోతే ఎక్కువ నొప్పి అంటున్నాడు. సర్జన్ నవ్వి అందరూ అదే అంటారన్నారు.

ల్యాబ్ లలిత | శుక్రవారం, ఉదయం 6:30

చాలా సంతోషం శిరీష గారూ. కల్చర్ ఏమైనా వచ్చిందా?

శిరీష_మారతహళ్ళి | ఆ మరుసటి సోమవారం, రాత్రి 9:20

లలిత గారూ, ప్యాచ్ ముక్కలోంచి మీరు చెప్పిన ఎపిడర్మిడిసే వచ్చింది, అదీ ఐదో రోజుకి. మూడో రోజు ప్రిలిమినరీ రిపోర్టులో ‘గ్రోత్ లేదు’ అనే ఉంది. ఎన్నాళ్ళు ఉంచుతారని ల్యాబ్‌కి ఫోన్ చేసి అడిగాను. జీన్ ఎక్స్‌పర్ట్ నెగటివ్, కోలారు అక్కకి ఈ మాట.

మామూలు మందులకి లొంగని రకమట. టైకోప్లానిన్ అనే యాంటిబయాటిక్ ఇస్తున్నారు. మొత్తం ఆరు వారాలు, మొదట సూదితో, తర్వాత మాత్రలకి మారుస్తామన్నారు. చేతికి పిక్ లైన్ (వారాల తరబడి మందు ఎక్కించడానికి సిరలో ఉంచే సన్న గొట్టం) వేశారు, నర్సు ఇంటికే వచ్చి ఇస్తుంది. వారానికొకసారి కిడ్నీ టెస్టు.

కంపెనీ ఇన్సూరెన్స్‌లో క్లెయిములు చూసే టీపీఏ వాళ్ళు ‘పాత ఆపరేషన్ కాంప్లికేషన్ కదా’ అని ప్రీ-ఆథ్, అంటే ముందస్తు అనుమతి అర్జీ, రెండుసార్లు వెనక్కి పంపారు. సర్జన్ లెటర్‌తో పాటు స్కాన్ రిపోర్టు పెట్టాక పాస్ అయింది. ఇంట్లో ఇచ్చే సూదులకి వస్తుందా లేదా ఇంకా తేలలేదు, ఎవరికైనా అనుభవం ఉంటే చెప్పండి.

వెల్లూరు వాసు | సోమవారం, రాత్రి 9:55

చాలా పాలసీల్లో డిశ్చార్జ్ తర్వాత 60 లేదా 90 రోజుల ఖర్చు కవరవుతుంది, మీ పాలసీలో ఎన్నాళ్ళో చూడండి. సూదులు ఎన్ని వారాలో డిశ్చార్జ్ సమ్మరీలోనే రాయించుకోండి. అది లేకపోతే నర్సు బిల్లులు పక్కన పడేస్తారు.

హిందూపురం లెక్కల మాస్టారు | మంగళవారం, ఉదయం 8:10

మీ నాయన్ని అడిగానని చెప్పమ్మా. ఊరికొచ్చాక ఇద్దరం కలిసి వాకింగ్‌కి పోతాం.

డాక్టరుగారి సలహా మీద నేను కూడా రికార్డ్స్ విభాగానికి రాశాను. మాది దొరికింది, స్టిక్కరుతో సహా. నాకు వేసింది బోవైన్ పెరికార్డియం అట, రవి మొదట్లో చెప్పిన పశువు గుండె పైపొర. అదేమిటో మనవడు ఫోన్లో చూసి చెప్పాడు. మా ఆవిడ ఉల్లిపాయ కూడా తినదు, ఆమెకి ఇంకా చెప్పలేదు. రవీ, దానికి ఇన్ఫెక్షన్ రాదు కదా?

రవి_వాస్కులర్ | మంగళవారం, మధ్యాహ్నం 1:50

రాదని రాసివ్వలేను మాస్టారూ, దానికీ వచ్చిన కేసులున్నాయి, కాకపోతే అరుదు. ఆ స్టిక్కరు ఫోటో తీసి మీ ఫోన్లోనూ మనవడి ఫోన్లోనూ ఉంచండి. ఏడాదికొకసారి డాప్లర్‌కి వెళ్ళినప్పుడు సుధ గారు చెప్పినట్టు ప్యాచ్ కూడా చూడమనండి. ఇంట్లో చెప్పాలా వద్దా అన్నది మా డిపార్ట్‌మెంట్ కాదు.